పెద్దమ్మ లెక్క

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా పెద్దమ్మని వసారాలో కూర్చోబెట్టి, ఫోన్లో ఒక ప్రశ్నావళి తెరిచి, ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్తూ జవాబులు అడిగాను. మనుషులు మంచిచెడ్డల్ని ఎలా తూకం వేస్తారో కొలవడానికి అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు తయారుచేసిన ప్రశ్నావళి అది. ‘మోరల్ ఫౌండేషన్స్ క్వశ్చనేర్’ అంటారు. ప్రతి ప్రశ్నకీ సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యాలి. దాని వెనకున్న సిద్ధాంతాన్ని జనంలోకి తెచ్చిన పుస్తకం జోనథన్ హైట్ రాసిన ‘ది రైటియస్ మైండ్’ (2012). అప్పటికి దాన్ని రెండోసారి చదువుతున్నాను. బెంగళూరులో మా పుస్తకాల గుంపులో దానిమీద మాట్లాడే వంతు నాది. ఊళ్ళోవాళ్ళ జవాబులు నాలుగు పట్టుకుపోతే కొంచెం గొప్పగా ఉంటుందని ఆశ.

పెద్దమ్మది ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు పోయే దారిలో ఒక మెట్ట ఊరు. డెబ్బై దాటాయి. తొంభైల మొదట్లో అక్షరదీపం రాత్రిబడిలో సంతకం నేర్చుకున్న మనిషి.

ప్రశ్నావళి మొదటి భాగం ఇలా నడుస్తుంది. ఒక పని తప్పా ఒప్పా అని తేల్చేటప్పుడు ఫలానా సంగతి మీకు ఎంత ముఖ్యం? ఎవరికైనా బాధ కలిగిందా, ఎవరికైనా అన్యాయం జరిగిందా, ఎవరైనా పెద్దల్ని లెక్కచెయ్యలేదా, ఇట్లా. వాటి మధ్యలో ఒక వింత ప్రశ్న వస్తుంది: ఆ మనిషికి లెక్కలు బాగా వచ్చా రావా అన్నది ఎంత ముఖ్యం?

పెద్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అయిదెయ్యి” అంది.

“అదేంది పెద్దమ్మా, లెక్కలకీ మంచికీ ఏం సంబంధం?”

“లెక్క రాకపోబట్టే గదా నాయనా మమ్మల్ని అందరూ ముంచింది. కూలి ఎంతిచ్చినాడో, అందులో సారా కొట్టోడు ఎంత పట్టుకున్నాడో తెలిస్తేనే గదా ఎవురు తప్పు చేశారో తెలిసేది.”

నేను నవ్వేసి ఐదు నొక్కాను. ఆ ప్రశ్న ఎందుకు పెట్టారో తర్వాత చదివి తెలుసుకున్నాను. అది వల. ప్రశ్నలు చదవకుండా ఏదో ఒకటి నొక్కుతూ పోయేవాళ్ళని పట్టుకోవడానికి పెట్టింది. లెక్కలకీ నీతికీ సంబంధం ఉండదు కాబట్టి, దానికి ఎక్కువ మార్కులు వేసినవాళ్ళు శ్రద్ధగా జవాబివ్వలేదని తీసుకుని వాళ్ళ కాగితాన్ని పక్కన పెట్టేయడం పద్ధతి.

అంటే మా పెద్దమ్మ పరిశోధనలోంచి అవుట్. ఈ వ్యాసం ఆ కాగితం గురించి.

*

ముందు పుస్తకానికి దక్కాల్సిన మర్యాద దక్కనివ్వాలి. హైట్ మొదటి మాట: నీతి విషయంలో మన మనసు ముందే ఒకవైపు ఒరిగిపోతుంది, కారణాలు తర్వాత వెతుక్కుంటాం. ఆయన ఉపమానంలో మనసు ఏనుగు, బుద్ధి దానిమీద కూర్చున్న మావటి. తోలుతున్నది తానేనని మావటి అనుకుంటాడు గానీ, ఎక్కువసార్లు అతని పని ఏనుగు పోయిన దారే సరైన దారని నలుగురికీ సర్దిచెప్పడం. టీవీ చర్చలు చూసేవాళ్ళెవరికీ దీనికి వేరే రుజువు అక్కర్లేదు.

రెండో మాట: నాలుకకి రుచులున్నట్టే మనసుకీ నీతి రుచులున్నాయి. ఇతరుల బాధ చూసి కరగడం, న్యాయం, మనవాళ్ళ పట్ల నిబద్ధత, పెద్దరికానికి గౌరవం, పవిత్రత. తర్వాత ఆరోదిగా స్వేచ్ఛని చేర్చాడు. అమెరికాలో ఉదారవాదులు ప్రధానంగా బాధ, న్యాయం, స్వేచ్ఛ అనే మూడింటి మీద వంట చేస్తారని, సంప్రదాయవాదులు ఆరింటినీ వాడతారని, అందుకే ఓటర్ల నాలుకకి వాళ్ళ వంట త్వరగా తగులుతుందని ఆయన వాదన. షడ్రుచుల సంగతి మనకి ఒకరు చెప్పాలా అనిపిస్తుంది. పైగా ఇంట్లో వాట్సాప్ గ్రూపులో మామయ్య ఎందుకలా రాస్తాడో అర్థం చేసుకోవాలనుకునే నాలాంటివాళ్ళకి ఈ పుస్తకం ఒక ఊరట. మామయ్య చెడ్డవాడు కాదు, ఆయన నాలుక మీద ఇంకో మూడు రుచులున్నాయి, అంతే.

మూడో మంచి సంగతి ఈ పుస్తకాన్ని చెప్పుకునేవాళ్ళు తరచు మర్చిపోయేది. హైట్ తన తొలి పరిశోధన అమెరికాలోని ఫిలడెల్ఫియా, బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రీ, రెసిఫె నగరాల్లో చేశాడు. 1993లో అచ్చయింది. చచ్చిపోయిన పెంపుడు కుక్కని వండుకు తినడం, పాత జెండా గుడ్డతో బాత్రూము తుడవడం లాంటి, ఎవరికీ నష్టం లేని రోత పనుల మీద ప్రశ్నలు. రెండు దేశాల మధ్య తేడా పెద్దగా ఉంటుందనుకుంటే, ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య తేడా అంతకన్నా పెద్దదిగా తేలింది. పై తరగతి విద్యావంతులు దేశాలు వేరైనా ఒకలాగే ఆలోచిస్తున్నారు. పక్క వీధిలో పేదవాళ్ళు వేరేలా ఆలోచిస్తున్నారు. బెంగళూరులో కూర్చుని ఫిలడెల్ఫియా పుస్తకంలో నన్ను నేను చూసుకుని, పెద్దమ్మ ఊళ్ళో పరాయివాణ్ణయిపోవడం వెనక ఉన్నది కూడా ఇదే. ఆ నిజాన్ని కనిపెట్టిన మనిషి తర్వాత వర్గాన్ని పక్కకి నెట్టి, రాజకీయ పక్షాల మీదకి ఎందుకు పోయాడన్నది నా మొదటి ఫిర్యాదు.

*

పుస్తకంలో నాకు ఇష్టమైన అధ్యాయం భువనేశ్వర్ గురించి. హైట్‌కి దారి చూపిన మానవశాస్త్రవేత్త రిచర్డ్ ష్వేడర్. ఆయన ఎనభైల్లోనే భువనేశ్వర్ జనాన్నీ షికాగో జనాన్నీ పోల్చి, పాశ్చాత్యులు ‘ఆచారం’ అని కొట్టిపారేసే చాలా సంగతులు ఒడిశాలో నీతి కిందే లెక్కని చూపించాడు. విధవ చేపలు తినడం ఆయన ఇచ్చిన ప్రసిద్ధ ఉదాహరణ. ఆ దారిలోనే హైట్ 1993 సెప్టెంబరులో భువనేశ్వర్ వచ్చి మూడు నెలలున్నాడు. మగవాళ్ళతో కలిసి భోజనానికి కూర్చుంటే వాళ్ళ భార్యలు మౌనంగా వడ్డించి లోపలికి వెళ్ళిపోయారు. పనివాళ్ళతో అంత మెతగ్గా ఉండొద్దని ఆయనకే సలహాలిచ్చారు. మొదట ఇబ్బంది పడ్డాడు. తర్వాత ఆ మనుషులు తనని ఆదరిస్తున్న తీరు చూసి, వాళ్ళ కళ్ళతో చూడటం మొదలుపెట్టి, కుటుంబం, కట్టుబాటు, పెద్దరికం అనే వాటిలో కూడా ఒక నీతి ఉందని గ్రహించాడు. నిజాయితీగా రాసుకున్నాడు.

అదే సముద్రతీరం వెంట, అదే హౌరా-మద్రాసు రైలుమార్గం మీద దాదాపు వెయ్యి కిలోమీటర్లు దక్షిణానికి వస్తే కావలి. అక్కణ్ణుంచి పడమటికి తిరిగితే కలిగిరి, వింజమూరు, ఉదయగిరి. హైట్ ఒడిశాలో ఉండగానే, 1993 అక్టోబరు 1న, పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. తెప్పించింది వడ్డించి లోపలికి వెళ్ళిపోయే ఆడవాళ్ళే.

ఆయనకి ఇది తెలియకపోవడం తప్పని అనను. ఒక యువ పరిశోధకుడు మూడు నెలల్లో ఎంత చూడగలడు? కానీ పుస్తకంలో ఆ అధ్యాయం విస్తరి ముందు కూర్చున్న చోటు నుంచి రాసింది. వంటింట్లోంచి చూస్తే ఇవే విలువలు ఎలా ఉంటాయన్న ప్రశ్న మనం వేసుకోవాలి. దానికి ఉదయగిరి మెట్ట కన్నా మంచి చోటు నాకు తెలీదు.

*

దూబగుంట కథ మన తరానికి పాఠంగా కూడా మిగల్లేదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఉదయగిరి నియోజకవర్గంలో కలిగిరి మండలంలో ఉంది ఆ ఊరు. ఎనభైల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాని పాలిథీన్ ప్యాకెట్లలోకి ఎక్కించాక అది కొట్టు దాటి, పొలం గట్టుకీ ఇంటి గుమ్మానికీ చేరింది. మెట్టలో తాగడానికి మంచినీళ్ళు దొరకవు, చాలా ఊళ్ళలో నీళ్ళలో ఫ్లోరైడు. సారా మాత్రం ఇంటి ముందుకొచ్చేది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిబడి వాచకంలో తాగుబోతు మొగుడితో వేగిన సీతమ్మ కథ ఒక పాఠం. చదివి మూసేసే పాఠం కాదు, కూర్చుని మాట్లాడుకునే పాఠం. ఎక్కువగా చెప్పుకునే కథనం ప్రకారం, దూబగుంటలో ఇద్దరు తాగిన మత్తులో చెరువులో పడి చనిపోయాక ఆడవాళ్ళు కదిలి సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అక్కడే బయటికొచ్చింది. ఆ గెలుపు ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది. అది చదివి మిగతా ఊళ్ళు కదిలాయి. 1992లో నెల్లూరులో సారా పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డం కూర్చుంటే అధికారులు వాటిని మళ్ళీ మళ్ళీ వాయిదా వెయ్యాల్సి వచ్చింది. 1993 ఏప్రిల్లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది.

ఈ ఉద్యమాన్ని అప్పట్లో ఎవరెవరు ఎలా చదివారో చూడండి. గాంధేయవాదులకి అది మద్యనిషేధ వ్రతం, గాంధీ మళ్ళీ పుట్టినట్టు. హిందూత్వ వైపువారికి సంసారాన్ని కాపాడుకోవడానికి దుర్గమ్మలైన భారత నారులు. తెలంగాణలో తాము ముందే సారా మీద పోరాడామని విప్లవ పార్టీలు. వాళ్ళకి ఇది దోపిడీ మీద తిరుగుబాటు. పేజీలకి పేజీలు కేటాయించిన ‘ఈనాడు’కి తల్లుల ఆక్రోశం. స్త్రీవాదులకి ఇంటి హింస మీద తిరుగుబాటు. హైట్ పట్టిక తీసుకుని పక్కన పెట్టుకుంటే ఒక్కొక్కరికీ ఒక్కో రుచి టిక్కు పెట్టొచ్చు: పవిత్రత, నిబద్ధత, న్యాయం, బాధ, స్వేచ్ఛ. సిద్ధాంతం ఎంత చక్కగా పనిచేస్తుందో!

కానీ ఆ పట్టిక ఎవరి గురించి? చదివినవాళ్ళ గురించి. చేసినవాళ్ళ గురించి కాదు. సూజీ తారు, తేజస్విని నిరంజన తమ ‘ప్రాబ్లమ్స్ ఫర్ ఎ కాంటెంపరరీ థియరీ ఆఫ్ జెండర్’ వ్యాసంలో (1996లో ‘సబాల్టర్న్ స్టడీస్’ తొమ్మిదో సంపుటంలో వచ్చింది) సరిగ్గా ఈ గుంజులాటని విప్పి చూపించారు. అందరూ ఆ పల్లె స్త్రీని పొగిడారు, ఆ పొగడ్తలోనే ఆమె రాజకీయాన్ని కుదించేశారు. కూలి, నీళ్ళు, కాంట్రాక్టరు, పోలీసు, ప్రభుత్వ ఖజానా అన్నీ కలిపి ఆమె వేసిన లెక్క, ఇంటి పరువు కోసం రోడ్డెక్కిన ఇల్లాలి కథగా మారిపోయింది.

ఆ పదం దగ్గర ఆగాను: లెక్క. పెద్దమ్మ అయిదు మార్కులు వేసింది దానికే. రాత్రిబడిలో అక్షరాలతో పాటు అంకెలూ నేర్పారు. దినానికి కూలి ఎంత, నెలకి ఎంత, అందులో ప్యాకెట్లకి పోయేది ఎంత, మిగిలిందాంట్లో బియ్యం ఎన్ని శేర్లు. ఈ కూడికలు, తీసివేతలు వచ్చాక తప్పు ఎక్కడుందో కనిపించింది. అప్పటిదాకా తప్పు మొగుడిది, లేదా తన నుదుటి రాతది. లెక్క కట్టాక తప్పు చేతులు మారింది: పాట పాడుకున్న కాంట్రాక్టరుదీ, పాట పెట్టిన సర్కారుదీ. దీన్ని నీతి అనకపోతే ఇంకేమంటాం? ప్రశ్నావళి మాత్రం దీన్ని ‘శ్రద్ధ లేని జవాబు’ అంటుంది.

*

మిగతా ప్రశ్నలకి కూడా పెద్దమ్మ అంకె చెప్పలేదు. ఎదురు ప్రశ్న వేసింది.

ఇంట్లోవాళ్ళు తప్పు చేసినా మనం వాళ్ళ వైపే నిలబడాలా?

“ఏం తప్పు చేసినాడు? ఎవురికి చేసినాడు?”

పెద్దల మాట వినడం పిల్లలందరూ నేర్చుకోవాలా?

“నేర్చుకోవాల. పెద్దోళ్ళు పెద్దోళ్ళ మాదిరి ఉంటే.”

సమాజంలో మగవాళ్ళ పని వేరు, ఆడవాళ్ళ పని వేరు అంటే ఒప్పుకుంటావా?

ఇక్కడ కొంచెం గట్టిగానే అంది. “ఆడోళ్ళ పని మేం చేస్తానే ఉండాం గదా. మొగోళ్ళ పని ఎవురు చేశారో అది అడుగు.”

దీనికి ఎన్ని మార్కులు వెయ్యాలో నాకు తెలియలేదు. ఆడామగా పనులు వేరని ఆమె పూర్తిగా ఒప్పుకుంటోంది కాబట్టి అయిదు వెయ్యాలి. అప్పుడు ఆమె పెద్దరికాన్ని గౌరవించే సంప్రదాయవాది. కానీ ఆ ఒప్పుకోలునే పట్టుకుని మొగుణ్ణి బోనెక్కిస్తోంది. సంపాదించి ఇల్లు గడపడం మగాడి ధర్మమైతే, ఆ ధర్మం తప్పింది ఎవరు? 1992లో చాలామంది ఆడవాళ్ళు మాట్లాడింది ఈ భాషలోనే: సంసారం, పిల్లలు, తాళి, పరువు. వినేవాళ్ళకి అది కట్టుబాటు భాష. ఆ భాషతోనే వాళ్ళు మొగుణ్ణి కొట్లోంచి లాక్కొచ్చారు, ప్యాకెట్లు తగలబెట్టారు, పోలీసుకి ఎదురు తిరిగారు, కలెక్టరాఫీసు ముందు కూర్చున్నారు. పెద్దరికమనే రుచితోనే పెద్దరికానికి కారం పెట్టారు.

హైట్ సిద్ధాంతంలో ఇది పట్టదు. ఆయన రుచులు మనిషి తలలో ఉండే పాళ్ళు. ఇంత నిబద్ధత, ఇంత న్యాయం అని కొలిచి మనిషిని ఒక పక్షంలో కూర్చోబెట్టొచ్చు. కానీ విలువ అనేది ఒకరు ఇంకొకరితో వేసుకునే పేచీలో పనిముట్టు కూడా. ఒకే కొడవలి వరీ కోస్తుంది, వేలూ కోస్తుంది. ఎవరి చేతిలో, ఎవరి ముందు అన్నది చూడకుండా కొడవలి పదునెంతో కొలిస్తే ఏం తెలుస్తుంది?

పెద్దమ్మ ‘ఎవురికి’ అని అడగడం నాకు ఎ.కె. రామానుజన్ వ్యాసం ఒకటి గుర్తుచేసింది. భారతీయ ఆలోచనా పద్ధతి అంటూ ఒకటుందా అని 1989లో ఆయన ప్రశ్న వేసుకుని, మన దగ్గర నియమాలు సందర్భాన్ని పట్టి నడుస్తాయని, అందరికీ ఒకే నియమం అనే ఆదర్శం వేరే చోటు నుంచి వచ్చిందని వాదించాడు. మనస్తత్వ శాస్త్రంలోనే టేజ్ రాయ్, ఎలన్ ఫిస్క్ 2011లో, నీతి అంటే సంబంధాలని నడుపుకోవడమేనని, సంబంధం ఏమిటో తెలియకుండా తప్పొప్పులు తేల్చలేమని హైట్ వర్గానికి ఎదురు నిలిచారు. పెద్దమ్మ వాళ్ళెవరినీ చదవలేదు. ప్రశ్న అసంపూర్ణంగా ఉందని ఆమెకి తెలిసిపోయింది, అంతే.

పవిత్రత సంగతి కూడా ఇంతే. పవిత్రత గుంపుని కట్టిపడేస్తుంది, లోపలివాళ్ళనీ బయటివాళ్ళనీ విడదీస్తుంది అని హైట్. ఆత్మకూరు పక్కనే ఎ.ఎస్.పేట ఉంది. రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా. ఒంట్లో బాగాలేనివాళ్ళనీ, మనసు చెదిరినవాళ్ళనీ తీసుకుని హిందువులు, ముస్లిములు ఒకే గడప తొక్కుతారు. మా ఇంట్లో పిల్లలకి జ్వరం తగ్గకపోతే పెద్దమ్మ మొక్కుకునేది అక్కడికే. అదే పెద్దమ్మ శ్రావణ శుక్రవారం మడి కట్టుకుంటుంది. ఏ పక్షంలో రాసుకోవాలి ఆమె పవిత్రతని?

*

ఇక్కడితో ఆపేస్తే మంచి వ్యాసమే అవుతుంది. అమెరికన్ ప్రొఫెసరుకి పల్లె పెద్దమ్మ బుద్ధి చెప్పిన కథ. మా గుంపులో చప్పట్లు కూడా పడతాయి. కానీ అలా ఆపితే 1992లో పత్రికలు చేసిన పనే నేనూ చేసినట్టు. ఆమెని దేవతని చేసి గూట్లో పెట్టినట్టు.

“మొదట ఎవరు కదిలారు పెద్దమ్మా మీ ఊళ్ళో?” అని అడిగాను.

“హరిజనవాడ ఆడోళ్ళు. కొట్టు కాడికి వాళ్ళే పోయినారు ముందు. మేం తర్వాత పోయినాం.”

“అందరూ కలిసే కూర్చున్నారా ధర్నాలో?”

“కలిసే. ఎండకి ఒకే చెట్టు కింద.”

“నీళ్ళు?”

పెద్దమ్మ జవాబు చెప్పలేదు. పమిట కొంగుతో ముఖం తుడుచుకుని, లోపల పాలు పొంగుతాయని లేచింది. నాకు జవాబు తెలుసు. మా ఇంటి వెనక చూరులో బోర్లించి ఉండే గాజు గ్లాసు నా చిన్నప్పుడు రోజూ చూసిందే. కళ్ళానికి వచ్చేవాళ్ళకి టీ అందులో. ఎవరూ ‘ఇది వాళ్ళది’ అని చెప్పేవాళ్ళు కాదు. చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

‘ఎవరికి?’ అనే ప్రశ్న ఎంత తెలివైనదో అంత ప్రమాదకరమైనది. సందర్భాన్ని పట్టి నడిచే నీతికి మన దేశంలో అన్నిటికన్నా పెద్ద సందర్భం కులం. ఎవరు చేశారు, ఎవరికి చేశారు అని అడిగాకే తప్పు తేల్చే ఊరు, చుండూరులో 1991లో దళితుల్ని చంపినప్పుడు కూడా అదే ప్రశ్న అడిగింది. అంబేద్కర్ 1936లోనే ‘కులనిర్మూలన’లో, కులం వల్ల మన నీతికి కూడా కులం అంటుకుందని, బాధ్యత, సానుభూతి, మెచ్చుకోలు అన్నీ సొంత కులం గడప దాటవని రాశాడు. నిబద్ధత అనే ‘రుచి’ మీద అంతకన్నా సూటి పరిశోధన నాకు కనిపించలేదు. పవిత్రత అనే రుచి రోగాల నుంచి తప్పించుకోవడానికి పుట్టిందని హైట్ పరిణామ సిద్ధాంతంతో వివరిస్తాడు. మన ఊళ్ళలో అశుభ్రం చేసేవాడు పవిత్రుడు, శుభ్రం చేసేవాడు అపవిత్రుడు. రోగభయంతో ఇది తేలదు. ఎవరి చేత ఏ పని చేయించుకోవాలి అన్న లెక్కతోనే తేలుతుంది. ష్వేడర్ భువనేశ్వర్‌లో బ్రాహ్మణులతో పాటు అంటరానివాళ్ళని చేసిన కులాలవారినీ అడిగాడు. కానీ ‘ఇది ఒడియా సంస్కృతి నీతి’ అని ఒకే మాటలో చెప్పేసరికి, ఆ నీతి ఎవరి మెడ మీద కూర్చుందన్న సంగతి జారిపోయింది. హైట్ ఆ జారుడుని ఇంకొంచెం నునుపు చేశాడు.

అందరికీ ఒకే నియమం అనే ఆదర్శం వేరే చోటు నుంచి వచ్చిందంటే, రానివ్వండి. చూరులో గ్లాసు నుంచి చూస్తే దాని అవసరం బాగా కనిపిస్తుంది. ‘ఎవరికైనా సరే’ అనే మాట పలకడం మా పెద్దమ్మకి కష్టం. ఆ మాట అడగడానికి ఆ గ్లాసులో తాగినవాళ్ళకే ఎక్కువ హక్కుంది.

*

సారా తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం చేసిన చోటే సంపూర్ణ మద్యనిషేధం మీద సంతకం పెట్టారు. ప్యాకెట్లు తెచ్చిన పార్టీనే నిషేధం తెచ్చింది. 1995 జనవరి 16 నుంచి అమలు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. ఆ తర్వాత ప్రతి ప్రభుత్వానికీ మద్యం ఆదాయమే. 2019లో దశలవారీ నిషేధమన్న మాటతో కొట్లు ప్రభుత్వం చేతికి వెళ్ళాయి, 2024లో మళ్ళీ ప్రైవేటు చేతికి వచ్చాయి. రోశమ్మ 2016లో కన్నుమూశారు. ఆడవాళ్ళ లెక్కలోంచి ఒక్క అంకెనే తీసుకుని మానిఫెస్టోలో పెట్టుకున్నాయి పార్టీలు. నీళ్ళ అంకె, కూలి అంకె, కాంట్రాక్టరు అంకె అక్కడే ఉండిపోయాయి. పక్షాలన్నీ ఎదుటి పక్షం రుచులు అర్థం చేసుకుంటే రాజకీయం మెరుగవుతుందని హైట్ ఆశ. మన పార్టీలు ఆ ఆడవాళ్ళ నీతి రుచుల్ని చక్కగానే అర్థం చేసుకున్నాయి. మద్యం ఆదాయంలో మాత్రం మార్పు లేదు.

‘ది రైటియస్ మైండ్’ చదవొద్దని ఎవరికీ చెప్పను. మామయ్య మెసేజ్ చూసి వెంటనే రెచ్చిపోకుండా ఆగడం నాకు నేర్పింది ఆ పుస్తకమే. కానీ పక్కనే తారు, నిరంజనల వ్యాసం పెట్టుకుని చదవండి. అంబేద్కర్‌ని ఎలాగూ చదవాలి. ఎదుటివాళ్ళ నీతి ఏమిటో తెలుసుకోవడం ఒక సంస్కారం. ఆ నీతి ఖర్చు ఎవరు భరిస్తున్నారో లెక్క కట్టడం ఇంకో సంస్కారం. మొదటిదానికి ఇప్పుడు ప్రశ్నావళులున్నాయి.

పాలు దించి పెద్దమ్మ మళ్ళీ వసారాలోకి వచ్చింది. “అయిపోయిందా నాయనా నీ పరీచ్చ?” అంది.

“ఇంకా ఉంది పెద్దమ్మా.”

“నాకెన్ని వచ్చినాయి?”

ఫోన్లో ఫారం సగంలో ఆగి ఉంది, పంపమంటారా అని అడుగుతోంది. పంపితే లెక్కల ప్రశ్న దగ్గర వాళ్ళు ఆమెని తీసేస్తారు. ఆ ఒక్కటీ మార్చి సున్నా చేస్తే ఉంచుకుంటారు. నేను మార్చలేదు, పంపనూ లేదు. గ్లాసు గురించి ఆమెని ఇంకోసారి అడగాలి. ఆ ప్రశ్న మాత్రం ఫోన్లో చూసి అడిగేది కాదు.